చదివి వినిపించగా

గోదావరి నీళ్ళు ఎర్రబడ్డాయంటే మా ఇంట్లో కాగితాలన్నీ మెత్తబడతాయి. డైరీలు పెట్టుకున్న చెక్క బీరువా తలుపు ఉబ్బిపోయి, రెండు చేతులతో లాగితే తప్ప రాదు. మొన్న బుధవారం పొద్దున్న అలాగే లాగి, అడుగు అరలోంచి నల్ల అట్ట పుస్తకం ఒకటి తీశాను. కావలసిన పేజీ దగ్గరకు రాకముందే వాసన వచ్చింది. పచ్చి చేప వాసన. మాది చేప వండని ఇల్లు. అయినా వానలు పట్టినప్పుడల్లా ఆ ఒక్క పేజీ నుంచి ఆ వాసన లేస్తుంది. పేజీ మధ్యలో, నా అక్షరాల మీద, బొటనవేలి గోరంత పొలుసు ఒకటి అతుక్కుని ఉంది. ఎండాకాలంలో అది అభ్రకం ముక్కలా మెరుస్తుందే తప్ప వాసన ఉండదు. తేమ తగిలితే బతుకుతుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ, "ఆ పుస్తకం వంటింటి వైపు తేకండి" అనేది. పారేయమని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆ పొలుసు ఎవరి చేతిదో ఆమెకు తెలుసు.

ఆ పొలుసు నూకరత్నం గారిది. మా ఊరి రేవులో చేపలమ్మిన మనిషి. చదువు లేదు. వశిష్ఠ పాయ వెంట పాలకొల్లు దాకా, అటు కోనసీమ లంకల దాకా "రేవు ఉపన్యాసం" అని చెప్పుకునే మాటలు ఆవిడవే. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు రేవు మెట్ల దగ్గర పెట్టడానికి ఆ ఉపన్యాసాన్ని రాతి మీద చెక్కించారు. స్మారక సంఘం కార్యదర్శి సుబ్బరాజు గారు మంగళవారం సాయంత్రం ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి, టైపు చేసిన కాగితం ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రాతి మీద చెక్కిన మాటలు కాగితంలో ఉన్నాయి. కింద ఒక వాక్యం: "ఇది ఆ రోజు ఆమె చేసిన ప్రసంగమేనని ప్రత్యక్ష సాక్షిగా ధ్రువీకరిస్తున్నాను." ఆ వాక్యం కింద సంతకం చెయ్యాల్సింది నేను. ఆ రోజు మీటింగు రాసుకున్న గుమాస్తాను నేనే. అక్కడ ఉన్న ఉద్యోగుల్లో బతికి ఉన్నదీ నేనొక్కణ్ణే.

"ఆదివారం ఆవిష్కరణండి బాబాయిగారూ. ఒక్క సంతకం పెట్టేస్తే మీ పేరు కూడా కింద చెక్కిస్తాం," అన్నారు సుబ్బరాజు గారు.

కాగితం చదివి, రేపు చెబుతానన్నాను. పూతరేకులు మాత్రం తీసుకున్నాను.

నూకరత్నం గారిని మొదటిసారి చూసింది తాలూకా కచేరీలో. నేను ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఆవిడ భర్త పడవ రేవుకు దిగువన ఇసుక మేటకు తగిలి తిరగబడి, మనిషి కొట్టుకుపోయాడు. మూడో రోజున శవం దొరికింది. వాంగ్మూలం రాయడానికి ఆవిడను మా కచేరీకి పిలిపించారు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో అప్పటికి. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. నేను అడిగినవాటికి నిలబడే జవాబు చెప్పింది. నేను రాశాను. అలాంటి వాంగ్మూలాలు అప్పటికే పది పన్నెండు రాశాను, అన్నీ దాదాపు ఒకేలా ఉండేవి. చివర వాక్యం ఎప్పుడూ ఒకటే: "చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకొని వేలిముద్ర వేసినది." మా కచేరీలో ఎవరూ ఎవరికీ చదివి వినిపించేవారు కాదు. ఆ వాక్యం రాయడంతోనే చదివినట్టు, ఆ వేలిముద్ర పడటంతోనే విన్నట్టు. నాకు పని నేర్పిన సీనియర్లు అలాగే నేర్పారు. నేను సిరా పెట్టె ముందుకు తోసి, "ఇక్కడ వెయ్యమ్మా" అన్నాను.

ఆవిడ కదల్లేదు. "ఏం రాశారో చెప్పండి" అంది.

"నువ్వు చెప్పిందే రాశానమ్మా."

"ఆ కడాకరి వరసలో ఏముంది?"

ఎందుకు అడిగిందో నాకు తెలియదు. చెప్పాను. "చదివి వినిపించగా విని..." ఆవిడ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లాణ్ణి చూసే చూపు. "ఇంకా చదవనేలేదు కదండీ. చదివానని ముందే రాసేశారే? కడాకరి మాటే అబద్ధమైతే, పైనున్నవి ఏం నమ్మమంటారు?"

పక్క బల్ల దగ్గరున్న హెడ్ గుమాస్తా నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. పుల్లవిరుపుగా చదవడం మొదలుపెట్టాను. మూడో వాక్యం దగ్గర నా గొంతు నాకే వినబడింది: "పడవ నడుపుటలో నా భర్త అజాగ్రత్త వలన..." అది ఆవిడ చెప్పలేదు. అంతకుముందు రాసిన పది పన్నెండింటిలో ఉన్న మాట, చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది.

"మేట మీద సర్కారోళ్ళు దీపం పెట్టలేదన్నాను నేను," అంది నూకరత్నం. "నాలుగు రోజుల్నుంచి దీపం లేదు. అది రాయలేదా? ఆయన అజాగర్త అని నేనెప్పుడన్నాను? గుమాస్తాగారూ, నా మొగుడు చచ్చిపోయాడు. ఆయన్ని మళ్ళీ మీరు కాయితం మీద చంపకండి."

కాగితం చింపి కొత్తది తీసుకున్నాను. దీపం సంగతి రాశాను. మొత్తం రాసి, చదివి వినిపించి, ఆవిడ "ఆయ్, ఇదేనండి" అన్నాక అప్పుడు రాశాను ఆ చివరి వాక్యం. ఆ రోజు డైరీలో ఒకే వరుస ఉంది: "నేను ఇంతవరకు రాసిన వాంగ్మూలాలు ఎన్ని అబద్ధాలో." అది చదివినప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తరవాత ఆవిడ అప్పుడప్పుడూ మా ఇంటి అరుగు దగ్గరకు వచ్చేది. గంప గుమ్మానికి దూరంగా దించి, తడి గుడ్డ కప్పి, ఊళ్ళో వాళ్ళకు కచేరీ నుంచి వచ్చిన కాగితాలు నాతో చదివించుకునేది. ఎవరికి ఏ నోటీసు వచ్చినా ఆవిడ చేతికే ఇచ్చేవారట. నేను చదువుతుంటే రెండు కళ్ళూ మూసుకుని వినేది. ఒకసారి చదివితే చాలు, వాడకట్టుకు వెళ్ళి మాట పొల్లుపోకుండా చెప్పేది. నేను ఒకరోజు పరీక్షగా, పావుగంట కిందట చదివిన నోటీసు మళ్ళీ చెప్పమన్నాను. తేదీతో సహా చెప్పింది. చెప్పి, "మీరు చెప్పండి ఇప్పుడు" అంది. నాకు రాలేదు. కాగితం నా చేతిలోనే ఉంది కదా, గుర్తుపెట్టుకోవాల్సిన పని నాకేముంది?

నేను డైరీ రాయడం చూసి ఆవిడ ఆటపట్టించేది.

"రోజూ రాత్తారాండీ? ఎవరికి?"

"ఎవరికీ కాదమ్మా. నాకే."

"మీకు మీరే ఉత్తరం రాసుకుంటారా! పోస్టు ఎవరు పట్టుకొస్తారు?" అని మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మాయిగారూ, మీతో చెప్పలేని మాటలేవో ఉన్నాయి చూసుకోండి" అనేది. మా ఆవిడ మజ్జిగ గ్లాసు అందిస్తూ పడీ పడీ నవ్వేది.

ఆ నవ్వుల మధ్యే ఒకరోజు తన సిద్ధాంతం చెప్పింది. సిద్ధాంతం అన్నది నా మాట, దానికి ఇంకో పేరు నాకు తెలియదు. "మాటంటే ఏంటండీ, అన్న మనిషి ఎదురుగా ఉంటాడు. అదేంటి అని అడగొచ్చు. తప్పైతే తిట్టొచ్చు. వాడు తల గోక్కుని 'అలా కాదులే, ఇలా' అని మార్చుకోవచ్చు. కాయితం చెవిటిదండి. చెప్పడమేగానీ వినడం దానికి రాదు. అడిగితే పలకదు. ఎవడి చేతిలో ఉంటే వాడి మాటే అంటది." నేను వాదించాను. రాయకపోతే మనిషితోనే మాట పోతుంది కదా అన్నాను. "పోతే పోనీండి. తప్పుడు మాట మిగలడం కంటే నయం కదా," అంది.

నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు ఆవిడకు పూతరేకులు ఇచ్చాను. రేకు ఎండలోకి ఎత్తి చూసి, అవతల రోడ్డు కనబడుతుంటే నవ్వి, "కాయితాల్లో ఇదొక్కటే మంచిదండి గుమాస్తాగారూ. తినేయొచ్చు" అంది.

ఇక ఆ మీటింగు సంగతి. రేవు మెట్లను బాగుచేసి, షికారు పడవలు నిలిచే చోటుగా మార్చాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. చేపల పడవలను రెండు మైళ్ళ దిగువన వేరే ఒడ్డుకు పంపాలి. అక్కడ నడుం లోతు బురద. జనాభిప్రాయం తీసుకోవాలని నిబంధన ఉంది కాబట్టి రేవు గట్టు మీద షామియానా వేశారు. పెద్ద అధికారి వచ్చారు. పొద్దున్నుంచి ఊరి పెద్దలు ఒకరి తరవాత ఒకరు లేచి గోదావరి మన తల్లి అని, తల్లికి శోభ తేవాలని మాట్లాడారు. మత్స్యకారుల తరఫున చదవడానికి ఒక వకీలు గారు నాలుగు పేజీల ఉపన్యాసం రాసి తెచ్చారు. నూకరత్నం గారు ఆ కాగితాలు తీసుకుని, మడిచి, తడి అంటకుండా గంప కింద ఎత్తుకు పెట్టుకుంది. "నేనే చెప్తాను" అని లేచింది. చేపల దగ్గర నుంచి నేరుగా వచ్చింది, చేతులు కడుక్కోలేదు.

నా ముందు రెండు పుస్తకాలున్నాయి. ఒకటి కచేరీ మినిట్స్ పుస్తకం. రెండోది నా నల్ల అట్ట డైరీ. అధికారి అప్పటికే నా వైపు వంగి, మినిట్స్‌లో ఏం రాయాలో మెల్లిగా చెప్పేశారు: "గోదావరిని తల్లిగా భావించు మత్స్యకారులు అభివృద్ధికి సహకరించుటకు సూత్రప్రాయముగా అంగీకరించిరి." ఆవిడ నోరు తెరవకముందే ఆ వాక్యం సిరా నా చేతి కింద ఆరిపోతోంది. తరవాత ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. నా చెయ్యి డైరీ మీదికి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందని ఆ తరవాత నన్ను రాతపూర్వకంగా అడిగారు. అలవాటు అని జవాబు రాశాను. అది నిజమే.

డైరీలో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

"అయ్యా, పొద్దుట్నుంచీ తల్లి తల్లి అంటన్నారు, వింటన్నాను. మాకు గోదారి తల్లి కాదండి. మా అమ్మ ఇంట్లో ఉంది, మంచం మీద, దగ్గుతా. గోదారి మాకు వీధండి. మీ గుమ్మం దిగితే ఏముంటదో అదండి. వీధిలో నడుత్తారు, పిల్లలాడతారు, పెళ్ళి ఊరేగుద్ది, శవం లేచుద్ది. మాకూ అంతే. నా పెళ్ళి దీని మీదే ఊరేగింది. ఆయన్ని దీని మీదే తెచ్చారు. రేపు మీ వీధికి ఎవరో వచ్చి గేటు పెట్టి, ఈ వీధి బాగుంది, చూడ్డానికి జనం వత్తారు, మీరు ఎనకమాల బురదలోంచి తిరిగెల్లండి అంటే ఎల్తారా? అడుగుతున్నాను. ఎల్తారా?"

అంతే. అదీ రేవు ఉపన్యాసం. మొత్తం రెండు నిమిషాలు లేదు. ఎల్తారా అని ఆవిడ ఆగింది. అధికారి ముందున్న కాగితాలు సర్దుకున్నారు. "సరేనమ్మా, నీ అభిప్రాయం నమోదు చేశాం" అని, "ఇంక ముగిద్దాం" అన్నారు.

"ఏం నమోదు చేశారో చదివి వినిపించమనండి," అంది నూకరత్నం, నా వైపు చూస్తూ.

ఆ క్షణం నాకు ఇప్పటికీ స్పష్టంగా ఉంది. మినిట్స్ పుస్తకంలో సహకారం, అంగీకారం ఉన్నాయి. కింద నేనే, ఆ పాడు అలవాటుతో, "చదివి వినిపించడమైనది" అని కూడా రాసేసి ఉంచాను. తొమ్మిదేళ్ళ తరవాత మళ్ళీ అదే తప్పు, అదే మనిషి ముందు. అధికారి, "అవసరం లేదు" అన్నారు నాతో. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, అప్పటికి ఉద్యోగం తప్ప నాకు ఇంకేమీ లేదు. నేను లేచి నిలబడ్డాను. మినిట్స్ పుస్తకం మూసి, డైరీ తీశాను.

"ఎవరు చదవమన్నారయ్యా నిన్ను?" అన్నారు అధికారి.

"నిబంధనలో ఉందండి. చదివి వినిపించాలని," అన్నాను.

చదివాను. నా నోట్లో ఆ మాటలు వింతగా పలికాయి. దగ్గుతా, లేచుద్ది, ఎనకమాల. జనంలో నవ్వులు లేచాయి. నూకరత్నం గారు కూడా నవ్వి, "నా మాట మీ నోట్లో చొక్కా తొడుక్కుందండి గుమాస్తాగారూ, పర్లేదు, చదవండి" అంది. చివరికి వచ్చాను. ఎల్తారా అని చదివి, కాగితంలో ఇంకేమీ లేదు కాబట్టి పేజీ తిప్పబోయాను. ఆవిడ రెండడుగులు ముందుకు వేసి, అరచెయ్యి పేజీ మీద పెట్టేసింది.

"అక్కడ ఆగాలండి. నేను అడిగాను కదా. అయ్యగారు ఇంకా చెప్పలేదు."

షామియానా కింద ఎవరూ కదల్లేదు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఒడ్డున తెడ్డు పడవకు తగులుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఎంతసేపో చెప్పలేను. అన్నీ కొలిచి రాసుకునే నేను ఆ ఒక్కటి కొలవలేదు. చివరికి అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఎవరు వెళ్తారమ్మా అలాగ? వెళ్ళరు" అన్నారు.

"రాసుకోండి," అంది నాతో, చెయ్యి తీసి.

రాశాను. అది కూడా చదివి వినిపించాను. అధికారికి అందరి ముందూ విని తల ఊపక తప్పలేదు. పొలుసు ఆ పేజీ మీద మిగిలింది. ఆ మీటింగు తరవాత ప్రతిపాదన బీరువాలోకి వెళ్ళింది, నేను బదిలీ మీద రామచంద్రపురానికి వెళ్ళాను. మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు. మా ఆవిడ పెట్టెలు సర్దింది. బస్సు దగ్గరకు నూకరత్నం గారు వచ్చింది. అప్పటివరకు నేను ఆవిడను నువ్వు అనే పిలిచేవాణ్ణి. ఆ రోజు బస్సు మెట్టు మీద నుంచి, "మీరు జాగ్రత్తండి" అన్నాను. ఆవిడ చుట్టూ చూసి, "మీరంటున్నది ఎవర్నండి?" అంది.

రేవు నిలిచింది. మాటలు పాకాయి. కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు గోదారి మాకు వీధి అని ఎవరో ఒకరు అనడం ఆనవాయితీ అయింది. రోడ్డు కోసం ధర్నా చేసే రైతులు కూడా ఎల్తారా అని అడగడం విన్నాను. ఎవరి నోట్లో వాళ్ళ ఊరి వీధి అయింది అది. దాన్ని నేను తప్పు పట్టను. అడిగేవాడు ఎదురుగా ఉన్నాడు, జవాబు చెప్పాల్సినవాడూ ఎదురుగా ఉన్నాడు. మాట బతికే ఉంది. తరవాత ఎవరో దాన్ని కరపత్రంగా అచ్చు వేశారు. వేసిన వారి ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. రిటైరై తిరిగి వచ్చాక ఆ కరపత్రాన్ని ఆవిడకు చదివి వినిపించాను. అప్పటికి ఆవిడ గంప మానేసి, మనవరాలు దుర్గ గంప పక్కన పీట వేసుకుని కూర్చునేది. "గోదావరి మా కన్నతల్లి. ఆ తల్లి ఒడి నుండి మమ్ము వేరు చేయకుడు!" దగ్గర కళ్ళు తెరిచింది.

"తల్లి అన్నానా నేను?"

"అనలేదండి."

"కన్నతల్లి మీద వలేసి లాగుతారా ఎవరన్నా?" అని చాలాసేపు నవ్వింది. నవ్వి, దుర్గ అందించిన నీళ్ళు తాగి, "నేనున్నాను కాబట్టి అడిగారు, కాదన్నాను. నేను పోయాక ఎవర్ని అడుగుతారండీ?" అంది. నేను కరపత్రం మడిచాను. "మీరు ఉంటారుగా. అడిగితే చెప్పండి" అంది. అది పనిలా అప్పజెప్పింది.

అందుకే బుధవారం ఆ పేజీ తీశాను. నాది వరుసగా చూసుకునే స్వభావం. తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీశాను. మొదటి దానిలో డైరీ, రెండో దానిలో కరపత్రం, మూడో దానిలో రాతి మీద చెక్కిన మాటలు. ఆవిడ సిద్ధాంతాన్ని ఆవిడ ఉపన్యాసం మీదే పెట్టి చూద్దామనుకున్నాను. వీధి పోయి తల్లి రావడం ఎవరికైనా కనబడుతుంది. మంచం మీద దగ్గే అమ్మ రెండో గడిలోనే లేదు. పెళ్ళి ఉంది, శవం లేదు. కానీ అసలు తేడా మధ్యాహ్నం భోజనం దగ్గర తట్టింది. రాతి మీది ఉపన్యాసం ఎవరినీ ఏమీ అడగదు. దానిలో ప్రశ్న లేదు. అడగనప్పుడు ఆగాల్సిన పనీ లేదు, ఇంకొకరు జవాబు చెప్పాల్సిన పనీ లేదు. ఆవిడ ఉపన్యాసంలో సగం ఆవిడది కాదు, ఆ అధికారి నోటి నుంచి రావాల్సిన "వెళ్ళరు" అన్న మాటది. ఆ మాట కోసమే ఆవిడ మిగతావన్నీ అంది. దాన్ని తీసేసి మిగిలినదానికి పూలదండ వేస్తున్నారు.

అలాగని నా డైరీని గొప్ప చేసుకోను. అది కూడా కాగితమే, చెవిటిదే. ఎల్తారా తరవాత ఆ చెయ్యి పేజీ మీద ఎంతసేపు ఉందో దానికి తెలియదు. నాతో వాదించినప్పుడు ఆవిడ పూర్తిగా ఒప్పు కాదని ఇప్పుడూ అంటాను, ఈ డైరీ లేకపోతే ఈ ఆదివారం నేను ఏ ధైర్యంతో నిలబడేవాణ్ణి? కాకపోతే కాగితం పక్కన ఒక మనిషి నిలబడాలి. అడిగితే పలకాలి. అంతవరకు ఆవిడ గెలిచింది.

సుబ్బరాజు గారికి సంతకం పెట్టనని ఫోన్‌లో చెప్పాను. ఆయన పరుగున వచ్చారు.

"రాయి చెక్కేశారండి బాబాయిగారూ! ఒక్క మాట తేడాకి ఇంత పట్టింపా? తల్లి అంటే తప్పేముంది చెప్పండి? గౌరవమే కదా!"

"తల్లి అయితే హారతి ఇస్తారు సుబ్బరాజు గారూ. వీధి అయితే దారి ఇవ్వాలి. రేవులో సాయంత్రాలు మీరు కొత్తగా పెట్టిన హారతి కోసం చేపల పడవల్ని ఎక్కడికి పొమ్మంటున్నారు మీ సంఘం వాళ్ళు?"

ఆయన పూతరేకుల పెట్టె వైపు చూశారు. "ఓ రెండు గంటలేనండి, వంతెన కిందకి..."

"ఆవిడ అడిగిందీ అదే."

ఆదివారం పొద్దున్న రేవుకు వెళ్ళాను. మెట్ల పైన రాయి, దాని మీద పసుపు గుడ్డ. కుర్చీల్లో పెద్దలు, వెనక ఎండలో గంపలు దించుకుని దుర్గ వాళ్ళు. గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు. ప్రత్యక్ష సాక్షి రెండు మాటలు మాట్లాడతారని మైకు నాకిచ్చారు. సంతకం పెట్టకపోయినా పెద్దవాణ్ణని మర్యాద చేశారు. నాకు ఉపన్యాసాలు రావు. "చదివి వినిపిస్తాను" అని, రాతి మీదున్నది మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదివాను. చదివి, కుర్చీల వైపు కాకుండా గంపల వైపు తిరిగాను.

"విన్నారు కదండీ. ఇది నూకరత్నం గారి మాటేనని ఒప్పుకుంటారా?"

అని ఆగాను. ఈసారి ఆగాల్సిన చోటు తెలుసు. సుబ్బరాజు గారు మైకు కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. ముందు దుర్గ లేచింది. "ఒప్పుకోం తాతగారూ!" అంది. దాని వెనక ఒక ముసలాయన, "మా అత్త అలాగనలేదండి, ఆయ్" అన్నాడు. తరవాత ఎవరెవరో. దుర్గ మైకు అక్కర్లేని గొంతుతో కుర్చీల వైపు చూసి, "గోదారి మాకు వీధండి. సాయంత్రం వంతెన కిందకి పొమ్మంటన్నారు. మీ వీధైతే ఎల్తారా?" అని, వాళ్ళ మామ్మ లాగే ఆగింది. ముందు వరుసలో ఒకాయన చెప్పులు చూసుకున్నారు. జవాబు రాలేదు. కానీ ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, పసుపు గుడ్డను మళ్ళీ రాతి మీద కప్పారు. అది ఇప్పటికీ కప్పే ఉంది. సంఘం మీటింగు పెట్టి ఆలోచిస్తుందట.

నాకు డెబ్భై తొమ్మిది. ఇప్పుడు ప్రతి రోజూ డైరీ రాశాక పైకి చదువుకుంటాను, వినేవారు లేకపోయినా. చదివాకే కింద రాస్తాను, "చదివి వినిపించగా" అని. ముందు రాయను. ఈ నాలుగు పేజీలూ కూడా నిన్న దుర్గను అరుగు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. రెండు చోట్ల ఒప్పుకోలేదు. దిద్దాను. మూడో చోట వాదించుకున్నాం, నేను దిద్దలేదు.

అదేమిటో తెలుసుకోవాలన్నా, ఆ రాతి మీద ఉన్నదానికీ ఆవిడ అన్నదానికీ తేడా ఏమిటని అడగాలన్నా రండి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా రేవు మెట్ల మీద, గుడ్డ కప్పిన రాతి పక్కనే, నల్ల అట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాను. వాన పడుతున్నా వస్తాను. అడగండి, చెబుతాను.